నూరు డిగ్రీల కొండ

ఒక పెద్ద అడవిలో, ఎత్తైన కొండ మీద ఒక యూనివర్సిటీ ఉండేది. ఫిజికల్ కెమిస్ట్రీ శాఖకి అధిపతి ఎలుగుబంటి జాంబయ్య గారు.

అక్కడ ప్రాక్టికల్స్‌కి ఒక పద్ధతుంది. ముందు సీనియర్ల రికార్డు తెచ్చుకుని జవాబు చూస్తారు. ఆ జవాబు రావాలంటే ఏ రీడింగులు కావాలో వెనక నుంచి లెక్కేసి రాస్తారు. బర్నర్ వెలిగించే పనే లేదు.

ఆ ఏడు ఆఖరి సంవత్సరం ముంగిస కనకవల్లికి ఏం బుద్ధి పుట్టిందో, నిజంగానే నీళ్లు మరిగించింది.

"సార్, తొంభై ఏడు డిగ్రీలకే మరుగుతున్నాయి."

"పుస్తకంలో నూరు అనుంది కదమ్మా!"

"అది కింద మైదానంలో సార్. కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ, ముందే మరుగుతాయి. ఫస్టియర్‌లో మీరే చెప్పారు."

"అది థియరీ. ఇది ప్రాక్టికల్! నూరు రాస్తేనే రికార్డు మీద సంతకం."

సంతకం లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఏడాది గోవిందా. అయినా కనకవల్లి దిద్దలేదు.

"పిచ్చిమొహమా, ఒక్క అంకె మార్చడానికి ఏడుపెందుకే?" అంది పక్క బెంచీ కోతి.

"మారనంటున్నది నేను కాదు. ఆ థర్మామీటర్ని అడుగు."

పరీక్ష రోజు ఎగ్జామినర్ కొంగ మేడం దిగింది. ముప్పై తొమ్మిది రికార్డులు తిరగేసింది. అన్నింట్లోనూ నూరే.

"మెట్ల మీద కూర్చున్న ఆ పిల్లెవరు?"

"మొండిఘటం మేడం. నూరు రాయనంది, నేను సంతకం పెట్టలేదు," అన్నారు జాంబయ్య గారు.

"లోపలికి రమ్మనండి. అందరూ నా ముందు నీళ్లు మరిగించండి."

కుందేలు థర్మామీటర్‌ని తలకిందులుగా పట్టుకుంది. కోతి బర్నర్ వెలిగించబోయి మీసాలు కాల్చుకుంది. చివరికి అందరి బర్నర్లూ కనకవల్లే వెలిగించింది. తొంభై ఏడు!

"నీళ్లు మార్చండి!" అని జాంబయ్య గారు గంతేశారు. ఊటనీళ్లు పోశారు. తొంభై ఏడు. "మంట పెంచండి!" నీళ్లు ఆవిరైపోయాయి గానీ అంకె కదల్లేదు. ఉప్పేస్తే అంకె పెరుగుతుందని కుందేలు చాటుగా గుమ్మరించబోయింది.

"చారు పెడుతున్నావా నాయనా?" అంది కొంగ మేడం.

తర్వాత తీరిగ్గా ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పింది.

"కనకవల్లీ, నువ్వు అందరికీ తెలిసిందే కనుక్కున్నావు. కొత్తేముంది? బొటాబొటిగా పాస్, వెళ్లు. ఈ ముప్పై తొమ్మిది మందీ కొండ మీద నూరు చూశారంటే అది మహా పరిశోధన! వీళ్లని వదులుకోకూడదు. మళ్లీ నూరు చూపించేదాకా ఇక్కడే ఉండాలి. గైడు జాంబయ్య గారే. అప్పటిదాకా ఆయనకి రిటైర్మెంటు లేదు."

కనకవల్లి పట్టా పట్టుకుని వెనక్కి చూడకుండా కొండ దిగింది. పైన నీళ్లు ఇంకా మరుగుతూనే ఉన్నాయి.

నీతి: ఉన్నది ఉన్నట్టు రాస్తే పాస్ మార్కులే వస్తాయి, ఉన్నత విద్య జీవితాంతం కావాలంటే కాపీ కొట్టాల్సిందే.