పొద్దుటి నుంచీ నదిలోనే

శుక్రవారమైనా మల్లీశ్వరికి సెలవుండదు. గల్ఫ్‌లోని ఘుబ్రాలో పదకొండేళ్లుగా ఆమె వంట చేస్తున్న ఇంటికి ఆ రోజు నమాజు తర్వాత చుట్టాలు భోజనానికి వస్తారు. ఉల్లిపాయలు తరుగుతూనే కూతురికి ఫోన్ చేసింది. వాణి హంగరీలో ఎమ్మెస్సీ చదువుతోంది. రాజధాని బుడాపెస్ట్ చూసిరావడానికి అప్పటికే రైలెక్కింది.

"ఒక్కదానివే యాడికి పోతాండావే? తోడు ఎవురూ లేరా?"

"అందరికీ పరీక్షలుండాయి మా. నాకు అయిపోయినాయి."

"అట్లయితే ఆ లొకేషన్ పెట్టు. నేను చూస్తాంటా."

వాణి పెట్టింది. మల్లీశ్వరి ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, మాంసం ఉడుకుతుంటే మధ్యమధ్య చూసుకుంది. మ్యాపులో కూతురి బొమ్మ స్టేషన్ దాటింది, వీధులు దాటింది, పదకొండింటికల్లా డాన్యూబ్ నది మధ్యకు చేరింది.

"పడవెక్కిందిలే అక్కా," అంది అదే ఇంట్లో పనిచేసే జైనబీ. ఆమెదీ కడపే.

కాసేపటికి బొమ్మ ఒడ్డుకు వచ్చింది. మళ్లీ నదిలోకి పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. మల్లీశ్వరి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చేస్తూనే ఉంది.

"ఎవురన్నా ఒకే పడవలో మూడుసార్లు తిరుగుతారా జైనబీ?"

జైనబీ పొయ్యి ఆపేసింది. మల్లీశ్వరి నేలమీదే కూలబడింది. పన్నెండేళ్ల పిల్లను తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. అప్పటి నుంచీ ఆ పిల్లను ఫోనులోనే పెంచింది. ఇప్పుడు ఆ ఫోనే పలకడం లేదు.

అంతా 'మామా' అని పిలిచే ఇంటి పెద్దావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి, నేలమీద ఉన్న మల్లీశ్వరిని చూసి కంగారుపడింది. ఆడవాళ్లిద్దరికీ వచ్చింది వంటింటి అరబ్బీయే గనుక, ఏమైందో చెప్పమని డ్రైవర్ ఇమ్రాన్‌ను పిలిచింది. ఇమ్రాన్‌కు వచ్చిన అరబ్బీలో కుడి, ఎడమ, పెట్రోలు, స్కూలు ఉన్నాయి గాని పడవ లేదు. జైనబీ చెప్పింది విని, ఉన్న మాటలతోనే చెప్పాడు: "ఈమె కూతురు పొద్దుటి నుంచీ నదిలో ఉంది. ఫోన్ ఎత్తడం లేదు."

మామా చేతులు పైకెత్తి ఏదో చదువుకుంటూ హాల్లోకి వెళ్లింది.

వచ్చిన చుట్టాలు భోజనం మాట ఎత్తలేదు. పక్కిళ్ల ఆడవాళ్లు పరామర్శకు ఖర్జూరాలూ కాఫీ ఫ్లాస్కులూ పట్టుకుని వచ్చారు. హాల్లో ఖురాన్ చదవడం మొదలైంది. వంటింట్లో ఫోన్ ముందు కూర్చున్న మల్లీశ్వరికి ఇదేమీ తెలియదు. ఏమైనా పని ఆగదు గనుక, చివరికి లేచి నీళ్ల గ్లాసులతో హాల్లోకి వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. మామా ట్రే అందుకుని పక్కన పెట్టి, ఆమెను కావలించుకుని ఏడ్చింది.

మల్లీశ్వరికి అర్థమైపోయింది. కబురు వచ్చింది. తనకు చెప్పలేక వీళ్లకు చెప్పారు.

"నా బిడ్డా!" అని ఒక్క కేక పెట్టి పడిపోయింది. ఆ కేక విని జైనబీ గుండెలు బాదుకుంది. జైనబీని చూసి, మొదట ఆ మాట పుట్టించిన ఇమ్రాన్ కూడా నిజమే కాబోలనుకుని గోడకు తల ఆనించి ఏడ్చాడు.

సాయంత్రం అయిదింటికి వంటింట్లో ఫోన్ మోగింది. జైనబీ పరుగున తెచ్చి స్పీకర్ పెట్టింది.

"ఏంది మా ఇన్ని మిస్డ్ కాల్సు?"

హాలు హాలంతా ఫోన్ వైపు తిరిగింది. మల్లీశ్వరి లేచి ఫోన్ లాక్కుంది. "యాడుండావే?"

"పడవ రేవులో. ఫోను సీటు కిందికి జారిపోయింది మా. దిగినాక చూసుకుంటే పడవ వెళ్లిపోయింది. ట్రిప్పులన్నీ అయినాక వచ్చి తీసుకోమన్నారు. ఇప్పుడే ఇచ్చినారు."

"వేరేవాళ్ల ఫోన్లోంచి చెయ్యగూడదా?"

"నీ నంబరు నోటికి రాదు మా."

ఆ మాట మల్లీశ్వరికి ఎక్కడో గుచ్చుకుంది. "మరి ఇంతసేపూ ఏం చేసినావ్?"

"నడిచినా. ముందు భయమేసింది, తర్వాత పోయింది. కొండెక్కినా. దారి తప్పితే ఒక ముసలామె చెయ్యి పట్టుకుని వంతెన దాకా తోడొచ్చింది. చర్చిలో ఎవురో సంగీతం వాయిస్తాంటే చానాసేపు కూసున్నా. ఒక్క ఫోటో గూడా లేదు మా. కానీ ఇంత బాగా నేను ఎప్పుడూ ఏదీ చూల్లేదు."

తిట్టాలనుకున్న మల్లీశ్వరి, "ఏమన్నా తిన్నావా?" అని మాత్రం అడిగింది.

"బతికే ఉంది," అని ఇమ్రాన్ అరబ్బీలో చెప్పాడు. ఆ మాట అతనికి వచ్చు. మామా అతని వైపు చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, ఎవరూ కదలొద్దని చెప్పింది.

పరామర్శకు వచ్చినవాళ్లను ఖాళీ కడుపుతో పంపడం ఆ ఇంట్లో ఆనవాయితీ కాదు గనుక, మల్లీశ్వరి మొహం కడుక్కుని మరో నలభై మందికి బియ్యం నానబోసింది.