గోడ దాటిన గుమ్మడి తీగ

ఆ ఉదయం మొక్కలమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తను గులాబీలకు మట్టి మారుస్తూ ఉంటుంది, కొత్తగా రిటైరైన మొగుడుగారు నీలం పూల తీగ నారు తీసుకెళ్లి వీధిలో ఆరిళ్లకూ ఇచ్చి వస్తారు. పెరట్లో చిన్న నర్సరీ పెట్టాక తగిలిన మొదటి బేరం అది. పక్కింటివాళ్ల మొహం పక్కింటివాళ్లు చూడని ఆ వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కి దిగి, బతిమాలి సంపాదించిన బేరం.

"ఎడమ పక్క ట్రే పంచండి. కుడి పక్కది గుమ్మడి, మన పెరటికి," అని ఆయనకు ఎదురుగా నిలబడి చెప్పింది. ఆవిడ ఎడమ ఆయనకు కుడి అవుతుందన్న సంగతి అన్నేళ్ల కాపురంలో ఇద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

కొన్నాళ్లకు, నారు తీసుకున్న టైలరు ఇంటి గోడ మీద ఆకు చూడగానే ట్రేలు తారుమారయ్యాయని మొక్కలమ్మకు అర్థమైంది.

"అక్కా, పూల తీగన్నారు. ఆకు చేటంత వస్తోందేంటి?" అన్నాడు టైలరు.

ఆవిడ నోరు తెరిచేలోపు మొగుడుగారు అందుకున్నారు. "మేలురకం బాబూ! ఆకు ఎంతుంటే పువ్వు అంతుంటుంది."

తీరా పువ్వు పసుపుపచ్చగా పూసింది. "ముందు పసుపు, ముదిరాక నీలం," అని వీధంతా తిరిగి చెప్పొచ్చారు. పాకేది గుమ్మడి, ఆయన కోసేవి సొరకాయలు.

"ఎందుకండీ ఈ కోతలు? రేపు కాయ కాస్తే ఏం చెబుతారు?" అంది ఆవిడ.

"కాస్తే కదా!" అన్నారాయన ధీమాగా.

కాసింది. టైలరు పక్కింటి రిటైర్డ్ మేష్టారి పెరట్లో నాటిన తీగ గోడ దాటి, టైలరు రేకుల షెడ్డెక్కి, అక్కడ ఒక బూడిద గుమ్మడికాయను కూర్చోబెట్టింది. కుట్టుమిషను చప్పుడు మీద తగువుపడి ఆ ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. ఓ సాయంత్రం ఇద్దరూ ఎవరి వైపు నుంచి వాళ్లు కాయను చూశారు. తెల్లారేసరికి కాయ లేదు.

వీధి వీధంతా మొక్కలమ్మ గేటు ముందుకొచ్చింది.

"వేరు నాదమ్మాయ్! కాయ ఇతను కోశాడు," అన్నారు మేష్టారు.

"షెడ్డు నాది! నా షెడ్డు మీది కాయని నేను దొంగతనంగా ఎందుకు కోసుకుంటానక్కా?" అన్నాడు టైలరు.

మొక్కలమ్మకు ఇక దాచే ఓపిక లేకపోయింది. "కొట్టుకోకండి. తప్పు మాది. ట్రేలు తారుమారై మీ అందరికీ గుమ్మడి నారు ఇచ్చాం. ఇవాళే అన్నీ పీకించేసి, పూల మొక్కలు ఊరికే ఇస్తాను." మొదటి బేరమే ఆఖరి బేరమనుకుంది.

మేష్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"గుమ్మడని ఆకు చూసినప్పుడే అందరికీ తెలుసమ్మా. మీ ఆయన అంత ముచ్చటగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. అది సరే, ఇంతకీ ఈ గుమ్మడికాయ దొంగెవరు?"

గుమ్మంలో నిలబడ్డ మొగుడుగారి చెయ్యి దానంతటదే వెళ్లి భుజం తడుముకుంది. భుజం నిండా తెల్లటి బూడిద.

"సాక్ష్యం లేకుండా చేద్దామని..." అని నసిగారాయన. కాయ మంచం కింద దొరికింది.

వీధి ఘొల్లుమంది. "మా కాయండీ అది!" అన్నాడు టైలరు. "అవును, మా ఇద్దరిదీ!" అన్నారు మేష్టారు. అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని గతుక్కుమన్నారు.

"మరి తీగలు పీకించనా?" అంది మొక్కలమ్మ బెరుగ్గా.

"పీకించడమా? మా ఇంట్లో ఇప్పుడే పిందె నిలిచింది!" అని గయ్యిమంది చివరింటి నర్సు. "మా తీగ అవతలింటి డాబా ఎక్కింది. దాన్ని చూసే వంకతో వాళ్లింటికి రోజూ వెళ్లొస్తున్నా. పూల మొక్కలు కావాలంటే వేరే కొనుక్కుంటాంలే."

మొక్కలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, మొగుడుగారి భుజం మీది బూడిద కూడా దులిపింది.

ఆ సాయంత్రమే మేష్టారూ టైలరూ గోడ మీదుగా పందిరి వేయడానికి దిగారు. గుంజ ఎటువైపు పాతాలన్న దగ్గర మొదలైన వాదన దీపాలు పెట్టేవేళ దాటినా తెగలేదు. విడదీద్దామని వెళ్లిన మొక్కలమ్మ గోడవార నిలబడి కాసేపు విని, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది.

మూడేళ్ల మాటలు మరి, ఒక్క పూటలో అవుతాయా.