ఫస్ట్ క్లాసు నిస్సహాయుడు

అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం సందర్భంగా ఉప్పుగూడ నివాసి ఇస్సాకును ‘కరుణా రాయబారి’గా నియమించినట్టు దయాసాగర సేవా సంఘం అధ్యక్షులు రామ్‌చందర్ గారు పత్రికలకు ప్రకటన ఇచ్చారు. దేశంలో ఇలాంటి నియామకం ఇదే మొదటిదని కూడా అందులో రాశారు. ఇస్సాకుకు ఆ సంగతి మర్నాడు పేపరు చదివిన పక్కింటివాళ్లు చెబితే తెలిసింది.

"రాయబారంటే నిన్ను ఏ దేశం పంపుతరు బిడ్డా?" అని వాళ్లమ్మ ఆగమ్మ కంగారుపడింది.

"పత్తర్‌గట్టికమ్మా. ఆదివారం మీటింగున్నదని పేపర్ల రాసిన్రు."

ఇస్సాకుకు ఇరవై రెండేళ్లు. మూడో ఏట వచ్చిన పోలియోతో ఎడమకాలు చిక్కిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి నడుస్తూనే సైదాబాద్‌లో టైపు నేర్చుకుని, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ హయ్యర్ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. అతనికి కావలసింది ఒక్కటే, సర్కారులో టైపిస్టు ఉద్యోగం. సంక్షేమ శాఖ మంత్రిగారి ఆఫీసులోనే వికలాంగులకు కేటాయించిన టైపిస్టు పోస్టు ఒకటి ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉంది. దానికి దరఖాస్తు కూడా పెట్టుకున్నాడు. రాయబారినైతే ఆ కుర్చీ తనంతట తనే వెతుక్కుంటూ వస్తుందని ఇస్సాకు లెక్క వేసుకున్నాడు. లెక్కల్లో అతనికి బడిలో కూడా ఎప్పుడూ ముప్పై అయిదు దాటలేదు.

ఆదివారం ఫోటోగ్రాఫరు అతన్ని అన్ని పక్కల నుంచీ చూసి పెదవి విరిచాడు.

"రామ్‌చందర్ సాబ్, ప్యాంటేసుకున్నడు. మామూలు మనిషి లెక్కనే కనవడుతుండు. ఫోటో బేకార్."

రామ్‌చందర్ గారు కాసేపు ఆలోచించి, ఎక్కడినుంచో ఒక జత చంకకర్రలు తెప్పించారు. "ఇవి పట్టుకో తమ్మీ. జర పబ్లిక్‌కు సమజైతది."

"నాకు అలవాటు లేవన్నా. కింద పడుత."

"పడితే ఇంకా మంచిదే."

స్టేజీ మీద మూడో అడుగులోనే ఇస్సాకు పడ్డాడు. చప్పట్లతో పత్తర్‌గట్టి మారుమోగింది. బుద్ధి తెలిసినప్పటి నుంచీ అతనికి అన్ని చప్పట్లు ఎవరూ కొట్టలేదు. టైపు పరీక్ష పాసైన రోజున మాస్టారు "ఊఁ" అని మాత్రం అన్నారు. నిజానికి సిగ్గుపడాల్సింది, పడలేదు. రెండో మీటింగుకు ఎక్కడ పడితే బాగుంటుందో ఇంట్లో అద్దం ముందు సరిచూసుకున్నాడు. మూడో మీటింగు నాటికి, లేవబోతూ ఒక్కసారి ఆగి ఆకాశం వైపు చూడటం కూడా పట్టుబడింది. తనంతటి కళాకారుడు పాతబస్తీలో ఇంకొకడు లేడని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

నాలుగో మీటింగుకు మంత్రిగారే స్వయంగా విచ్చేస్తున్నారు. ముందు రోజు రామ్‌చందర్ గారు చేతిరాత కాగితాలతో ఉప్పుగూడ దాకా వచ్చారు.

"మంత్రిగారి స్పీచు. వాళ్ల ఆఫీసుల టైపిస్టు లేడంట. జర నువ్వే కొట్టియ్యి తమ్మీ."

ఇస్సాకు తను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి కొట్టాడు. రెండో పేజీలో ఇలా ఉంది: ‘ఈ అభాగ్యుడు నిసహాయుడు. తన చేతులతో ఏ పనీ చేసుకోలేడు.’ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. ‘నిస్సహాయుడు’కు ఒత్తు లేదు! పదిమందిలో మంత్రిగారి పరువు పోతుందని ఒత్తు పెట్టి, మిగతాది ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. మీటింగు మర్నాడు పేపర్లో అతని ఫోటో కింద ఆ మాటలే ఒత్తుతో సహా అచ్చయ్యాయి. ఉప్పుగూడ స్టేషను దగ్గర చాయ్ తాగేవాళ్లందరికీ, ఆ ఒత్తు తనదేనని ఇస్సాకు స్వయంగా చూపించాడు.

వారం తిరక్కుండానే టైపిస్టు పోస్టుకు ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆగమ్మ చర్చిలో ప్రార్థన చేయించింది. ఇస్సాకు సర్టిఫికెట్లన్నీ వరుసగా పేర్చి, సిఫారసుగా పనికొస్తుందని పేపరు కటింగు అన్నిటికంటే పైన పెట్టాడు.

ఇంటర్వ్యూలో, మంత్రిగారి ఆఫీసు సూపరింటెండెంటు వాసవాంబ గారు కటింగు చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"నువ్వే గద! పత్తర్‌గట్టిల నిన్ను చూసి మస్తు ఏడ్చిన బాబూ."

"థాంక్స్ మేడం. టైపు హయ్యర్, రెండిట్ల ఫస్ట్ క్లాసు."

"గదెట్ల? చేతులతోని ఏ పనీ చేసుకోలేవని మంత్రిగారు అన్నరు గద."

"గది స్పీచు మేడం. నా చేతులు మంచిగనే ఉన్నయి. చూడుండ్రి."

ఆమె చేతుల వైపు చూడలేదు, కటింగు వైపే చూశారు. "అంటే మంత్రిగారు అబద్ధమాడిన్రంటవా?"

"గట్ల గాదు మేడం..."

"మంత్రిగారి మాట నిజమైతే నీకు టైపు రాదు. నీకు టైపొస్తే మంత్రిగారి మాట నిజం గాదు. ఫైలు మీద నన్ను ఏది రాయమంటవు? నాకు ఇంకా ఆరేండ్ల సర్వీసున్నది."

ఆమె మంచి మనిషి. చెబుతూ చెబుతూ కళ్లు కూడా ఒత్తుకున్నారు. ఇస్సాకుకు ఆమె మీద కోపం రాలేదు. కటింగును తన చేత్తో తనే పైన పెట్టుకున్నందుకు తన మీద తనకే వచ్చింది.

‘అభ్యర్థి టైపు చేయజాలనందున ఎంపిక చేయలేదని తెలియజేయడమైనది’ అని వాసవాంబ గారు చిత్తుకాగితం మీద రాసి, బెల్లు మీద చెయ్యి వేసి ఆగిపోయారు. మూలన టైపు మిషను దుమ్ము కొట్టుకుని ఉంది.

"ఇది టైపు చేసే ఇయ్యాలె. చేతిరాత చెల్లదు. ఇక్కడ చూస్తే మనిషి లేడు." గొంతు తగ్గించారు. "నీకొస్తదంటివి గద బాబూ?"

ఇస్సాకుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇది స్టేజీ ఏడుపు కాదు, చూపించాలని కూడా అనిపించలేదు. మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి మిషను దగ్గరికి వెళ్లాడు. దుమ్ము తుడిచాడు, మార్జిను సరిచేశాడు. తన పేరూ, తండ్రి సీమోను పేరూ, తనకు టైపు రాదన్న సంగతీ రెండు నిమిషాల్లో కొట్టి ఇచ్చాడు.

వాసవాంబ గారు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చదివారు.

"శభాష్, ఒక్క తప్పు లేదు. రేపు పదింటికి రా. మిగిలిన పదకొండు మందికి గూడ పోస్టు రాలేదని కొట్టేదున్నది. హాజరు పట్టీల సంతకం వద్దులే, సేవ కింద రాసుకుంటం."

ఇస్సాకు కళ్లు తుడుచుకుని, కార్బన్ పేపర్లు ఎక్కడున్నాయో చూశాడు.

"ఒక్కొక్కరికి ఎన్ని కాపీలు మేడం?" అన్నాడు.