ఇష్టపూర్వకంగా పెట్టిన సంతకం

అక్షరాలు నేర్చుకుని ఏడాదే అయింది. తప్పులుంటే మన్నించాలి. నా చెయ్యి బాగా నిదానం. ఈ కాగితం మొదలుపెట్టినప్పుడు పదవిలో ఉన్న మంత్రిగారు, ముగించేసరికి ఉంటారో లేదో చెప్పలేను.

సముద్రాన్ని ప్రజల ముంగిట్లోకి తెస్తామని మంత్రిగారు ప్రకటించారు. అది అప్పటికే ముంగిట్లో ఉంది గాని, అధికారికంగా ఎవరూ తేలేదు. అందుకని మా రేవుకు జెట్టీ సాంక్షనైంది.

రేవు ఒడ్డునే వలల పెద్దమ్మ షెడ్డు. పాత పడవ చెక్కలతో ఆమె భర్త కట్టి పోయాడు. వలలు బాగుచేసేదీ, వండుకునేదీ, పడుకునేదీ అందులోనే.

పెద్దమ్మ ముప్పై ఏళ్ళు వేలిముద్ర వేసింది. వేసేముందు ఎంత పెద్ద ఆఫీసరునైనా కూర్చోబెట్టి, కాగితం రెండుసార్లు చదివించుకునేది. రెండోసారి ఒక్క మాట మారినా బొటనవేలు కొంగులో దాచేసుకునేది. నిరుడు వయోజనుల బడిలో సంతకం నేర్చింది. దాంతో జ్ఞానం వచ్చింది.

ఆఫీసరు ఒక కాగితం పట్టుకుని, ఫోటోగ్రాఫరుతో సహా వచ్చాడు. పెద్దమ్మ అలవాటుకొద్దీ బొటనవేలు చాపింది.

“వేలిముద్ర వద్దండీ. చదువురానివాళ్ళను మోసం చేశామని పేపర్లు రాస్తున్నాయి. సంతకమైతే ఎవరికీ బాధ లేదు.”

పడవ నడిపే మరిది పక్కనే ఉన్నాడు. “వదినా, అందులో ఏముందో చదివించుకో.”

“చదువుకున్నదాన్నిరా నేను. ఇంకొకరి చేత చదివించుకుంటే మా పంతులమ్మ పరువేం కావాలి?”

“పోనీ నువ్వే చదువు.”

“పెద్దమనిషిని ఎంతసేపని నిలబెడతాం?” అంటూ పెన్ను అందుకుంది. సంతకానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆఖరి అక్షరం కాగితం దాటి బల్లమీదకు పోయింది. ఆఫీసరు బల్లను కూడా మెచ్చుకున్నాడు.

వారం తిరక్కుండా షెడ్డు కూల్చేశారు. పెద్దమ్మ ఇంకా గట్టిది కట్టిస్తారనుకుని, చెక్కలు మోయడానికి తానూ ఒక చెయ్యి వేసింది.

జెట్టీ పూర్తయింది. మంత్రిగారు పడవలో వచ్చి ప్రారంభించాలి. ముహూర్తం పదకొండు.

“పదకొండింటికి ఆటు సార్,” అన్నాడు మరిది. “నీళ్ళు వెనక్కి పోతాయి. పడవ బురదలో కూర్చుంటుంది.”

“ప్రోగ్రాం ఫిక్సయిపోయిందయ్యా. మధ్యాహ్నం ఆయనకు ఇంకో సముద్రం ఉంది.”

ఆ ప్రకారమే పడవ బురదలో కూర్చుంది. మంత్రిగారు చెయ్యి ఊపుతూ నిలబడి ఉండగా, నలభైమంది దాన్ని భుజాలకెత్తుకుని జెట్టీకి చేర్చారు. ఒక్క కుదుపు లేకుండా ఇంత సాఫీగా నడిచే పడవను ఏ దేశంలోనూ చూడలేదన్నారు మంత్రిగారు.

పెద్దమ్మ సందు చూసుకుని వేదికెక్కింది. “నా షెడ్డేది బాబూ?”

ఆఫీసరు తొణకలేదు. ఫైలులోంచి కాగితం తీసి, మైకు ఆమె ముందుకు జరిపాడు. “మీరే చదవండమ్మా.”

పెద్దమ్మ అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. “నా షెడ్డును, మంత్రిగారి కార్ల పార్కింగు నిమిత్తం, నా ఇష్టపూర్వకంగా, శాశ్వతంగా...”

జనం చప్పట్లు కొట్టారు. ఈ వయసులో ఈ చదువేమిటని మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. నిజం చెప్పాలంటే, ఒక్క ఒత్తు కూడా పోనందుకు పెద్దమ్మకే కాస్త గర్వమనిపించింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి కొత్త షెడ్డు అడిగింది.

“సర్కారు షెడ్లు నిరక్షరాస్యులైన వితంతువులకే. మీరు మైకులో చదివారుగా,” అన్నాడు ఆఫీసరు.

బయటికొచ్చాక మరిది తేల్చేశాడు. “మరిచిపో వదినా.”

“షెడ్డునా?”

“చదువుని.”

ఆ ఆఫీసరు బదిలీ అయ్యేదాకా ఆగి, పెద్దమ్మ మళ్ళీ వెళ్ళింది. కొత్త గుమస్తా దరఖాస్తు, సిరా పెట్టె ముందుకు తోశాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్ది, గాలిలోనే ఆపింది.

“ముందు చదివి వినిపించు నాయనా. రెండుసార్లు.”

ఎడిటరుగారికి మనవి. షెడ్డు చేతికొచ్చేదాకా ఇది నేను రాసినట్టు ఎవరికీ చెప్పకండి. సంతకం మాత్రం పెట్టకుండా ఉండలేకపోతున్నాను.

ఇట్లు,
వలల పెద్దమ్మ, అరవై ఎనిమిదేళ్ళు.
ప్రస్తుత నివాసం: జెట్టీ శిలాఫలకం వెనక, నీడ ఉన్నంతసేపు.