తుపాకుల సంతలో అడగకూడని ప్రశ్న

ఈ దేశంలో మనిషికి మర్యాద దక్కే చోటు ఒక్కటే మిగిలింది. అది తుపాకుల సంత!

నవ్వకండి. నాకు అరవై తొమ్మిదేళ్లు. ఒహాయో రాష్ట్రంలోని ఈ చిన్న కౌంటీలో ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపాను. పిల్లల అరుపుల మధ్య బతికినవాడిని, మర్యాద అంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మొన్న లైబ్రరీకి వెళ్లి కార్డు ఇమ్మంటే ఇంటి అడ్రసుకు రుజువు చూపించమన్నారు. జలుబు మాత్రలకు మందుల షాపుకు వెళ్తే డ్రైవింగ్ లైసెన్సు చూసి పేరు రాసుకున్నారు. జంతువుల శరణాలయం నుంచి ఒక ముసలి కుక్కను తెచ్చుకుందామని నేనూ నా భార్య నోరీనూ వెళ్లాం. మూడు పేజీల ఫారం! ఇద్దరు పెద్దమనుషుల సిఫారసు! ఆపైన ఒకావిడ ఇంటికే వచ్చి పెరడంతా తిరిగి, కంచె ఎత్తు కొలిచి వెళ్లింది. ఆ కుక్కకు పదమూడేళ్లు. కంచె దూకడం మాట అటుంచండి, దానికి గడప దాటడమే ఒక యాత్ర!

మరి తుపాకుల సంతలో? ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర కొంటే ఏవో కాగితాలు నింపాలి, నిజమే. నాలాంటి మామూలు మనిషి సొంత తుపాకీ అమ్ముకుంటుంటే కొనేవాడు పేరు కూడా చెప్పనక్కర్లేదు. ద్వారం దగ్గర పోలీసు డిప్యూటీ ఒకాయన "లోపల తూటా ఉందా?" అని అడుగుతాడనుకోండి. అది తుపాకీని అడిగినట్టు. మనల్ని అడిగినట్టు కాదు.

ఇంతటి మర్యాదగల చోటు గురించి మా ఊళ్లో కొందరు పెదవి విరుస్తున్నారు. "ఇంకా గన్ షోకి ఏం వెళ్తావయ్యా? అక్కడ తుపాకులేవీ?" అంటున్నారు. వాళ్ల నోళ్లు మూయించడానికే ఈ వారం కలం పట్టాను.

తుపాకులు లేవా? అబద్ధం! పోయిన నెల ఫెయిర్‌గ్రౌండ్‌లో, ఆగస్టులో పందుల పోటీలు పెట్టే ఆ పెద్ద రేకుల షెడ్డులో, నేను స్వయంగా లెక్కపెట్టాను. నూట నలభై బల్లల్లో ముప్పై రెండింటి మీద తుపాకులున్నాయి. మిగతావాటి మీద ఎండు మాంసం, బేకన్ వాసన వేసే కొవ్వొత్తులు, చూరుకింద వాననీటి గొట్టాలకు వేసే జాలీలు, నడుంనొప్పికి వణికే దిండ్లు. ఒకాయన వినికిడి యంత్రాలు అమ్ముతాడు. ఎంత ముందుచూపు! నలభై ఏళ్లుగా చెవుల పక్కన తుపాకులు పేల్చుకున్నవాళ్లంతా ఒక్కచోట దొరకడం మాటలా?

నా విషయానికొస్తాను. నేను ప్రతినెలా సంతకు ఒక తుపాకీ తీసుకుపోతాను. మా మామయ్య ఉడుతల వేటకు వాడింది. ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పడుతుంది. దాని గొట్టంలో సన్నని కర్ర గుచ్చి, కర్ర చివర "అమ్మకానికి" అని అట్టముక్క తగిలించి, భుజాన వేసుకుని వరసల మధ్య తిరుగుతాను. తొమ్మిదేళ్లుగా తిరుగుతున్నాను.

తొమ్మిదేళ్లలో అమ్ముడుపోలేదా అంటారా? అమ్ముడుపోకూడదనే కదా నా తాపత్రయం! దాని ఖరీదు నూట యాభై డాలర్లు దాటదు. అట్ట మీద ఆరువందలని రాశాను.

ఎందుకంటే భుజాన తుపాకీ ఉంటే జనం ఆపి మాట్లాడతారు. ఉత్త చేతులతో తిరిగితే ఎవరు పలకరిస్తారు? మా ఊళ్లో క్షౌరశాల మూతబడింది. కాఫీ తాగుతూ గంటలు గంటలు కూర్చునే హోటలు మూతబడింది. ఇద్దరు ముసలాళ్లు ఎదురుబొదురుగా నిలబడి కబుర్లాడుకోవాలంటే మధ్యలో ఒక తుపాకీ తప్పనిసరి అయింది. ఆ మాటలు కూడా నెలనెలా ఒకటే.

"మా తాతకి అచ్చం ఇలాంటిదే ఉండేది."

"ఇప్పుడేదీ?"

"మా మామ్మ అమ్మేసి కుట్టుమిషను కొనుక్కుంది."

"అయ్యయ్యో!"

"రెండొందలకిస్తావా?"

"ఇవ్వను."

"మంచి పని చేస్తున్నావ్. ఎప్పటికీ ఇవ్వకు."

ఇద్దరం తృప్తిగా తలలూపుకుని విడిపోతాం. ఇంతకంటే నాగరికమైన సంభాషణ మీకెక్కడ దొరుకుతుంది?

పోయిన నెల రెండో శనివారం ఈ నాగరికతకు పెద్ద దెబ్బ తగిలింది.

నేను ఆర్డెన్ స్పైసర్ బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆర్డెన్ ఇళ్లకు పైకప్పులు వేసే పని చేసి రిటైరైనవాడు, నా బాల్యమిత్రుడు. సొంత తుపాకులు కొన్ని బల్ల మీద పరుచుకుని అమ్ముకుంటాడు. అప్పుడొక ముప్పై ఐదేళ్ల మనిషి నా ముందు ఆగాడు. నీలం ఓవరాల్స్, గోళ్లలో వార్నిష్ మరకలు. నా తుపాకీ చెక్క పిడిని బొటనవేలితో ఒకసారి నిమిరాడు. జేబులోంచి ఆరు వంద డాలర్ల నోట్లు తీశాడు.

"తీసుకోండి సార్," అన్నాడు.

బేరం లేదు! తాత లేడు! మామ్మ లేదు!

"మీ తాతగారికి ఇలాంటిదే ఉండేది కదూ?" అని ఆశగా అందించాను.

"లేదండీ."

"పోనీ మీ నాన్నగారికి?"

"ఆయన డెంటిస్టండీ."

నోట్లు నా ముక్కు కింద ఊగుతున్నాయి. అవి తీసుకుంటే వచ్చే నెల నేను ఏం భుజాన వేసుకుని రావాలి? ఎవరితో మాట్లాడాలి? ఆ కంగారులో నా నోటి నుంచి ఆ మాట జారిపోయింది.

"దీంతో మీకేం పని?" అని అడిగాను.

చుట్టూ నాలుగు బల్లల దాకా తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆర్డెన్ నోటిదాకా తీసుకెళ్లిన ఎండు మాంసం ముక్క అక్కడే ఆగిపోయింది.

"ఒరేయ్ డెల్మర్! ఏమడిగావురా?"

"ఏం పని అని."

"మతిగానీ పోయిందా నీకు? ఎవరైనా వింటే గవర్నమెంటు మనిషివనుకుంటారు!" అని నన్ను పక్కకు నెట్టి, ఆ మనిషి వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు. "బాబూ, ఏమీ అనుకోకండి. పెద్దవాడైపోయాడు. మీ తుపాకీ, మీ ఇష్టం. దాంతో మీరేం చేసుకున్నా మాకెందుకు? చెప్పకండి. దయచేసి చెప్పకండి."

"చెప్తే ఏముందండీ? దాచేదేం లేదు," అన్నాడు అతను నవ్వుతూ. "ల్యాంపు చేస్తాను."

"ఏం చేస్తావ్?" అన్నాడు ఆర్డెన్.

"ల్యాంపండీ. బల్ల పక్కన పెట్టుకునే దీపం. కింద చెక్క దిమ్మ, గొట్టంలోంచి వైరు, పైన బల్బు, దానికో ఆకుపచ్చ గొడుగు." ఫోను తీసి ఫొటో చూపించాడు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. "తూటా పెట్టేచోట వెల్డింగ్ చేసేస్తానండీ. ఇంక జన్మలో పేలదు."

ఇంక జన్మలో పేలదు!

ఆర్డెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ల్యాంపట!" అని పక్క బల్లవాడితో అన్నాడు. "ల్యాంపట!" అని అతను ఆ పక్కవాడితో అన్నాడు. వినికిడి యంత్రాలాయనకు మాత్రం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. వినపడ్డాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రెండు నిమిషాల్లో షెడ్డు షెడ్డంతా మా చుట్టూ మూగింది.

"జరగండి, జరగండి!" అంటూ వెల్డా హోస్టెట్లర్ వచ్చింది. సంత నడిపేది ఆమే. డెబ్బై రెండేళ్లావిడ. ద్వారం దగ్గర కూర్చుని అందరి చేతుల మీదా ప్రవేశ ముద్ర కొడుతుంది. అంతకుముందు నాలుగో తరగతి టీచరు కాబట్టి మేమంతా ఆమె ముందు చేతులు కట్టుకుంటాం.

విషయం విని కళ్లద్దాలు సర్దుకుంది.

"నీ పేరేంటి?"

పాఠకులారా, మా సంత పుట్టి పాతికేళ్లు దాటింది. కొనేవాడి పేరు అడగడం ఆ షెడ్డులో అదే మొదటిసారి!

"ట్రెంటన్ అండీ."

"ఎక్కడుంటావ్? లైసెన్సు చూపించు. ఇదివరకు ఎన్ని చేశావ్?"

"పదకొండు."

"పదకొండు!" ఎవరో టోపీ తీసి గుండెలకు హత్తుకున్నారు.

"ఒక్కడివే చేస్తావా, వెనకాల ఇంకెవరైనా ఉన్నారా?"

"మా ఆవిడ గొడుగులు కుడుతుందండీ."

"ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా? నిద్ర సరిగా పడుతోందా నీకు? మనసేమైనా కలతగా ఉందా? ఎవరైనా డాక్టరుకి చూపించుకున్నావా?"

ఎంత చక్కగా అడిగిందండీ! ఎంత ఓర్పుగా, ఒక్కటీ వదలకుండా! సర్టిఫికెట్లున్న ఆఫీసరు కూడా అంత నిండుగా విచారణ చేయలేడు. నేను ముగ్ధుడినై వింటున్నాను. అప్పుడే నా వెనక ఎవరో ఫోన్లో పళ్లు నూరుతున్న చప్పుడైంది.

"తలుపేసుకుంటే వదిలేస్తాననుకున్నావా? చూస్తా ఉండు. వస్తున్నా."

తిరిగి చూశాను. నల్ల కళ్లద్దాలు, మెడ దాకా లాగిన జిప్పు. ఫోను చెవికి ఆనించుకునే ఆర్డెన్ బల్ల మీదున్న నల్లటి పెద్ద తుపాకీని ఒంటిచేత్తో ఎత్తాడు. పక్కనున్న రెండు తూటాల పెట్టెలు తీసుకున్నాడు. నోట్లు బల్ల మీద పడేశాడు. ఆర్డెన్ విచారణ మీంచి చూపు తిప్పకుండానే ఆ నోట్లు తడిమి జేబులో పెట్టుకున్నాడు.

నేను ఆర్డెన్ చొక్కా పట్టుకు లాగాను. "ఒరేయ్, ఆ మనిషి..."

"ఉండరా బాబూ! ఇక్కడ కొంపలు మునిగిపోతుంటే!"

"ఫోన్లో ఏమంటున్నాడో విన్నావా?"

"ఒకళ్ల ఫోను మనం వినొచ్చట్రా? మర్యాద లేదూ?"

మర్యాద! నిజమే కదా. నేను నోరు మూసుకున్నాను. కానీ కాళ్లు ఊరుకోలేదు. జనాన్ని తోసుకుంటూ ద్వారం దాకా వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో ఎంత వేగంగా వెళ్లగలను? వెళ్లేసరికి ఒక పికప్ ట్రక్కు రోడ్డెక్కుతోంది. నంబరు ప్లేటు నిండా బురద. నేను డిప్యూటీ దగ్గరికెళ్లి విన్నది చెప్పాను.

"కొన్నది దొంగసొమ్మా?" అని అడిగాడు.

"కాదు. డబ్బిచ్చే కొన్నాడు."

"పేరు తెలుసా?"

"తెలియదు."

"బండి నంబరు?"

"తెలియదు."

"మరి నేను ఎవరి కోసం వెతకను, పెద్దాయనా?" అన్నాడు. పాపం, రేడియోలో ఏదో చెప్పాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పికప్ ట్రక్కు నడిపే మనిషిని చూస్తే ఆపమన్నాడు. మా కౌంటీలో సగం మందిని ఆపాలి.

వెనకాలే ట్రెంటన్‌ని బయటికి తీసుకొచ్చారు. వెల్డా తీర్పు చెప్పేసింది: జన్మలో మళ్లీ ఈ సంత గడప తొక్కకూడదు! అతను నా పక్కన ఆగి, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఇందాక నన్ను గుద్దుకుంటూ పోయాడే, ఆయనెవరు సార్? మొహం అదోలా ఉంది."

"తెలియదు."

"దేనికి కొన్నాడు?"

"ఎవరూ అడగలేదు," అన్నాను.

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు. మా మామయ్య తుపాకీ నా భుజాన క్షేమంగానే ఉంది. గెలిచింది నేనే. అయినా ఆ రోజు దాన్ని మోస్తూ మళ్లీ వరసల్లో తిరగబుద్ధి కాలేదు.

ఇంటికెళ్లి చెబితే నోరీన్ సగం కుట్టిన గుండీ పక్కన పెట్టింది. "ఆరొందలిస్తానంటే వద్దన్నారా? పైగా ల్యాంపు చేస్తాడనా? ఆ మూల చీకటిగా ఉందని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను!" అంది. తర్వాత ఫోను మనిషి సంగతి చెప్పాను. అప్పుడు ఆమె లేచి వెళ్లి వీధి తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చింది.

ఇప్పటిదాకా పేపర్లో ఏమీ రాలేదు. రోజూ పొద్దున్నే ముందు నేరవార్తల పేజీయే తిప్పుతున్నాను. ఎవరి పేరు కోసం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఎవరో ఒకామె తలుపేసుకుని ఉందని మాత్రం తెలుసు. లేక ఒకాయనేమో, అదీ తెలియదు. ఏమీ కాలేదేమో. ట్రక్కు దారిలో చెడిపోయిందేమో. కోపం చల్లారిందేమో. ఇన్ని "ఏమో"లతో కాఫీ తాగడం అలవాటవుతోంది.

కాబట్టి తుపాకుల సంతకు ఇంకా వెళ్లొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు: తప్పకుండా వెళ్లండి! పైగా ఇప్పుడక్కడ భద్రత పెరిగింది. సంత కమిటీ అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా ఒక కొత్త నియమం చేసింది. ఇకమీదట అక్కడ ఎవరి దగ్గర తుపాకీ కొన్నా సరే, ఒక ఫారం నింపి సంతకం పెట్టాల్సిందే. ఒక్క ప్రశ్నే. "ఈ తుపాకీని దీపంగా మార్చే ఉద్దేశం మీకు ఉన్నదా?" అవును, లేదు, రెండు గళ్లు. తప్పుడు జవాబు రాస్తే శాశ్వత బహిష్కారం.

ఈ శనివారం వెల్డా ఆ ఫారాల కట్ట ముందేసుకుని ద్వారం దగ్గర కూర్చుంది. నేను ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

"వెల్డా, ఎలాగూ ఫారం పెట్టాం కదా. ప్రశ్న కింద ముప్పాతిక కాగితం ఖాళీగానే ఉంది. ఇంకో ప్రశ్న కూడా..."

ఆమె కళ్లద్దాల పైనుంచి నన్ను జాలిగా చూసింది. నా చేతి మీద ముద్ర కొట్టింది.

"అడగడానికి ఇంకేముంటుంది డెల్మర్?"