ఏదుపంది కౌగిలి

ఒక పెద్ద అడవిలో, అంటే సొంతంగా ఒక పార్టీ, ఆ పార్టీకి కొండమీద ఒక అధిష్ఠానం ఉండేంత పెద్ద అడవిలో, శూలపాణి అనే ఏదుపంది ఉండేవాడు. బొరియలపేట వార్డు సభ్యుడు. పార్టీ పేరు శాకాహార సంఘటన. అందరూ ఆకో, గడ్డో, దుంపో తినేవాళ్ళే. ఎలుగుబంటి కూడా అందులోనే ఉన్నాడు. ఆయన చీమలు తింటాడు కదా అని ఎవరో అడిగితే, చీమలు కదిలే గింజలని పార్టీ వివరణ ఇచ్చింది.

బొరియలపేట వాగుకు అవతల ఉంది. వానలు మొదలైతే వాగు పొంగి, వార్డంతా నాలుగు నెలలు తిండికి కటకటలాడుతుంది. కిందటేడు కుందేలు కోటమ్మ ఆకలికి ఆగలేక పిల్లతో సహా దాటబోయింది. ఇవతలి ఒడ్డుకు ఆవిడొక్కతే చేరింది. ఆ రోజునుంచీ ఆమె ఎదురుపడితే శూలపాణి తల దించుకునేవాడు. వంతెన వేయిస్తానని ఓట్లడిగింది తనే మరి.

వంతెనకు పెద్ద హంగామా కూడా అక్కర్లేదు. ఇవతలి ఒడ్డున మద్దిదుంగ ఒకటి పడి ఉంది. దాన్ని తోసి వాగుకు అడ్డంగా వేస్తే చాలు. ఆ బలం పెద్ద జంతువులకే ఉంది. మూడేళ్ళుగా శూలపాణి అర్జీ పట్టుకుని పెద్దల చుట్టూ తిరుగుతున్నాడు. దూరంనుంచే లెండి.

"ఆఁ, ఆఁ, అక్కడే ఆగవయ్యా! గుచ్చుకుంటాయి" అనేవారు నాయకులు. అర్జీని పొడవాటి కర్రతో అందుకునేవారు.

అలాంటి రోజుల్లో పార్టీ అధ్యక్షుడు అడవిదున్న గవరయ్యగారు ఆరోగ్య కారణాలవల్ల తప్పుకున్నారు. ఆయన ఆరోగ్యం బాగానే ఉంది. కారణాలే బాగాలేవు.

ఈసారి అధ్యక్షుణ్ణి నలభైమంది వార్డు సభ్యులే ఎన్నుకుంటారని అధిష్ఠానం ప్రకటించింది. కింది స్థాయి కార్యకర్తే పార్టీకి ప్రాణమని, ఆ ప్రాణం తీసుకునే నిర్ణయమే శిరోధార్యమని కూడా అంది. మరి ఓటు ఎలా వేయాలి? పోయినసారి ఆకులమీద ఓటేయిస్తే, లెక్కింపు మొదలయ్యేలోపు ఓటర్లే ఓట్లు మేసేశారు. అందుకని ఎవరూ నమలలేని వస్తువు ఒకటి వెతికారు. ఏదుముల్లు! వార్డు సభ్యుడికో ముల్లు. ఎవరి దగ్గర ఎక్కువ ముళ్ళుంటే వారే అధ్యక్షుడు. ఆ ముల్లు ఎలా వచ్చిందని అడగాలని మాత్రం నియమావళిలో ఎక్కడా రాయలేదు. రాసినవాళ్ళు అంత అమాయకులు కారు.

మర్నాడు పొద్దున్నే శూలపాణి గుమ్మంలో ఎలుగుబంటి బలభద్రం నిలబడి ఉన్నాడు.

"తమ్ముడూ! ఎన్నాళ్ళయిందిరా నిన్ను చూసి!"

"మొన్ననే చూశారండి. కర్ర పెట్టి అర్జీ తీసుకున్నారు కదా."

"ఆ కర్రను విరిచి పారేశానురా. నీకూ నాకూ మధ్య కర్రలేంటి? ఏదీ, ఇలా రా" అంటూ శూలపాణిని అమాంతం గుండెలకు హత్తుకున్నాడు. ముళ్ళు కసుక్కుమని దిగాయి. బలభద్రం కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చుట్టూ మూగిన బొరియలపేట జనం, కార్యకర్తంటే ఆయనకెంత ప్రేమో అనుకుని తామూ కళ్ళు తుడుచుకున్నారు.

"అయ్యా, మరి వంతెన..." అన్నాడు శూలపాణి, ఊపిరాడక.

"గెలిచిన మర్నాడే. నా మొదటి సంతకం దానిమీదే" అని బలభద్రం పళ్ళు బిగబట్టి నవ్వి, ముప్ఫై ఒక్క ముళ్ళతో వాగు దాటి వెళ్ళిపోయాడు. దారిలో దుంగ అడ్డం వస్తే పక్కనుంచి తిరిగి వెళ్ళాడు.

ఈ వార్త దుప్పి కొమ్మురాయుడికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయనది మంచి విగ్రహం, మంచి కంఠం. ఎండ ఎక్కకముందే వచ్చి, "సోదరా శూలపాణీ! నీ ముల్లు ముల్లు కాదు, అణగారిన వర్గాల ఆక్రోశం! ఆ ఆక్రోశాన్ని నేను పంచుకుంటాను" అని, కుడివైపోసారి, ఎడమవైపోసారి ఒరుసుకుంటూ ఇరవై ఎనిమిది ముళ్ళ ఆక్రోశం పంచుకున్నాడు. వంతెన ఆయన రెండో సంతకం. మొదటిది ప్రమాణ స్వీకారానికట.

ఆ తర్వాత వారం రోజులూ పోటాపోటీగా ఆలింగనాలు. బలభద్రం మళ్ళీ వచ్చాడు. కొమ్మురాయుడు మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మిగిలిన ముప్ఫైతొమ్మిది మంది వార్డు సభ్యులు స్నానాలు చేసి, దండలు సిద్ధం చేసుకుని గుమ్మాల్లో కూర్చున్నారు. ఎవరూ రాలేదు. వాళ్ళకు గుచ్చుకునేదేమీ లేదు మరి.

శూలపాణి భార్య నాంచారమ్మ మాత్రం మూలన కూర్చుని భర్త వీపు చూస్తోంది.

"ఏమయ్యా, ఉన్నవన్నీ ఊడ్చి ఇచ్చేస్తున్నావు. రేపు రేచుకుక్కలొస్తే ఏం చూపించి బెదిరిస్తావు? అర్జీలా?"

"ఇద్దరిలో ఎవరు గెలిచినా వంతెన వస్తుందే. ముళ్ళు మళ్ళీ మొలుస్తాయి. కోటమ్మ పిల్ల మళ్ళీ రాదు కదా."

నాంచారమ్మ లేచి గుమ్మంలోంచి వాగువైపు చూసింది. "ఆ దుంగ పక్కనుంచే వస్తున్నారు, దాని పక్కనుంచే పోతున్నారు" అంది. "దానికి సంతకం ఎందుకో నాకు తెలీదు. తోయాలి, అంతే."

ఎన్నికరోజుకు శూలపాణి ఒంటిమీద ఒక్క ముల్లు లేదు. చలేస్తున్నా సభలో ముందు వరుసలో కూర్చున్నాడు. పరిశీలకుడిగా అధిష్ఠానం దివాంధంగారనే గుడ్లగూబను పంపింది. పగలు ఆయనకు కళ్ళు కనపడవు. సభ మిట్టమధ్యాహ్నం పెట్టారు.

లెక్క తేలింది. బలభద్రం ఒంటిమీద అరవై ఒక్కటి. కొమ్మురాయుడి ఒంటిమీద యాభై ఎనిమిది.

"అద్భుతం!" అన్నారు దివాంధంగారు కళ్ళు మూసుకునే. "నలభైమందిలో నూట పంతొమ్మిది మంది ఓటేశారు. కార్యకర్తల్లో ఇంత ఉత్సాహం నేనెక్కడా చూడలేదు."

"నేను గెలిచాను!" అన్నాడు బలభద్రం.

"దౌర్జన్యంగా కౌగిలించుకున్నాడు!" అన్నాడు కొమ్మురాయుడు.

ఇద్దరూ కలబడబోయారు కానీ ముళ్ళు అడ్డొచ్చాయి. అప్పుడు దివాంధంగారు రెక్కకింద నుంచి మోదుగాకు పొట్లం ఒకటి తీశారు. అది నెల కిందటే కట్టిందని దాని వాడిన రంగు చెబుతోంది. అందులో ఉన్న పేరు గవరయ్యగారి దూడది. దూడ సభకు కూడా రాలేదు. చెరువులో పడుకుని ఉన్నాడు. కబురంపితే తోక ఊపాడట.

"ఏకగ్రీవం!" అని సభ దద్దరిల్లింది. ముప్ఫైతొమ్మిది దండలకూ ఎట్టకేలకు ఓ మెడ దొరికింది.

శూలపాణి ఆ సాయంత్రమే చెరువుకు వెళ్ళి వంతెన మాట ఎత్తాడు. కొత్త అధ్యక్షుడు బురదలోంచి తల కూడా తిప్పలేదు. "కమిటీ వేద్దాం. ఇంతకీ నువ్వెవరు? ఏదుపందివా? ఏదుపందికి ముళ్ళుంటాయంటారే!"

శూలపాణి బొరియకు తిరిగొచ్చి ముడుచుకుని పడుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది. కొండమీద మబ్బు పట్టింది. ఇక వారంలో వానలు.

మూడోరోజు గుమ్మం దగ్గర మూలుగు వినపడింది. బలభద్రం. బోర్లా పడుకోలేడు, పుట్ట తవ్వలేడు, చెట్టెక్కలేడు. ఆయన వస్తుంటే జనమంతా, "ఆఁ, ఆఁ, అక్కడే ఆగండి! గుచ్చుకుంటాయి" అంటున్నారట. వెనకాలే కొమ్మురాయుడు. మంచి కంఠం బొంగురుపోయింది. దిగిన ముల్లు ఏవైపు తిప్పి లాగితే వస్తుందో అడవి మొత్తానికి ఏదుపందులకే తెలుసు.

"అన్నా శూలపాణన్నా! నీ కాళ్ళు పట్టుకుంటా, తియ్యన్నా" అన్నాడు బలభద్రం. తమ్ముడు అన్న అయిపోయాడు.

శూలపాణి జాలిగుండె కరిగిపోయింది. లేవబోయాడు. నాంచారమ్మ అతని తోక పట్టుకుని ఆపింది.

"తీస్తాడు అన్నగారూ, ఎందుకు తీయడు? కానీ ఇక్కడ చీకటి, కనపడదు. ఒడ్డున దుంగ దగ్గరికి పదండి. దుంగ ఒక జానెడు జరిగితే ఒక ముల్లు."

"ఇది అన్యాయం! ఇది బ్లాక్‌మెయిల్!" అన్నాడు కొమ్మురాయుడు.

"అయ్యో, కాదండీ. మీ ఆక్రోశం మేం పంచుకుంటున్నాం" అంది నాంచారమ్మ.

ఎలుగుబంటి వీపు ఆనించి తోశాడు. దుప్పి కొమ్ములు పెట్టి ఎత్తాడు. జానెడుకో ముల్లు, ముల్లుకో కేక. పార్టీ చరిత్రలో ఆ ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. వాన మొదటి చినుకు పడేసరికి దుంగ రెండు ఒడ్డులమీదా కుదురుగా కూర్చుంది. అందరికంటే ముందు కోటమ్మ దాటింది. నడిమధ్య ఆగి, కింద నీళ్ళను చాలాసేపు చూసి, అప్పుడు అవతలికి వెళ్ళింది. శూలపాణి ఈసారి తల దించుకోలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకొక్కటి మిగిలిపోయిందన్నా" అన్నాడు బలభద్రం, చంక చూపిస్తూ.

"అదలా ఉండనివ్వండి" అన్నాడు శూలపాణి. భార్య దగ్గర కొంత నేర్చుకున్నాడు. "వరదకు దుంగ కదిలితే మళ్ళీ మీరే రావాలి కదా. వానలు వెళ్ళాక తీస్తాను."

వానలు వెళ్ళాయి. వంతెన నిలిచింది. నిలిచిందని రూఢి అయ్యాక కొత్త అధ్యక్షుడు ప్రారంభోత్సవానికి వేంచేశాడు. దుంగమీద ఆయన పేరు, నాన్నగారి పేరు, దివాంధంగారి పేరు చెక్కించారు. తోసినవాళ్ళ పేర్లకు చోటు చాల్లేదు. వార్డు ఎన్నికలు దగ్గరపడుతున్నాయని ఎవరో చెవిలో వేసినట్టున్నారు. ఆయన ముందు వరుసలో శూలపాణిని చూసి, "ఏం తమ్ముడూ, బాగున్నావా!" అని ముందరికాళ్ళు చాచాడు. అంతలోనే కొత్తగా మొలిచి నిగనిగలాడుతున్న ముళ్ళు కనిపించి, చాచిన కాళ్ళు వెనక్కి తీసుకోబోయాడు.

శూలపాణి నాంచారమ్మకేసి చూశాడు. వార్డులో ఇంకా బాట వేయాలి, పుట్టలు చదును చేయాలి, ఊట తవ్వించాలి. మనసులో ఒకసారి లెక్క చూసుకున్నాడు.

"అన్నా!" అంటూ పరుగున వెళ్ళి అధ్యక్షులవారిని గట్టిగా, ఆప్యాయంగా, రెండువైపులా కౌగిలించుకున్నాడు.

నీతి: గెలిచిన నాయకుడు వంతెన ప్రారంభిస్తాడు, ముల్లు దిగిన నాయకుడు వంతెన వేస్తాడు.