ఆవపిండి రంగు కోటు మనిషి

మంగళవారం పొద్దున మేవిస్ టాలెఫ్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెల్‌మన్ గారు వచ్చేసరికి తను ఊపిరాడనంత పనిలో ఉన్నట్టు కనబడాలి, అంతే. అందుకని కారు మీది మంచు గీకేసి, రోజూ కంటే ముందే కాలేజీ పోలీసు ఆఫీసుకు వచ్చి తన బల్ల ముందు కూర్చుంది. పిల్లలు పారేసుకున్న చేతితొడుగుల పెట్టె ఒక పక్కన, పార్కింగు జరిమానా రద్దు చెయ్యమని వచ్చిన అర్జీలు ఇంకో పక్కన పేర్చి, మధ్యలో ఫోను పెట్టుకుంది. ఆ ఫోను మాత్రం మోగే ఉద్దేశంలో ఉన్నట్టు లేదు.

దాన్ని అనడానికీ లేదు పాపం. మార్చి సెలవులు. పిల్లలంతా ఫ్లోరిడా సముద్రపొడ్డున పడుకుని వీపులు కాల్చుకుంటున్నారు. ఇక్కడ ఉత్తర మినెసోటాలో, మోకాలి లోతు మంచులో, కాలేజీని కనిపెట్టుకుని ఉండడానికి వంటవాళ్లు కొందరు, లైబ్రరీలో ఒకావిడ, బాయిలరు దగ్గర ఒకాయన, వీళ్లందరినీ కాపాడ్డానికి డ్వేన్ అనే పోలీసు ఒక్కడు మిగిలారు.

ఆ డ్వేన్‌ని ఎక్కడికి వెళ్లాలో రేడియోలో చెప్పి పంపేది మేవిస్. కాలేజీలో ఎవరికి ఏం ముంచుకొచ్చినా ఫోను ఎత్తేది ఆవిడే. జరిమానాల కాగితాలు సర్దేదీ, తాళంచెవులు ఇచ్చి పుచ్చుకునేదీ, ఎడమచేతి తొడుగుకి కుడిచేతిది వెతికేదీ ఆవిడే. హాస్టలు గదికి తాళం పడిపోయి బయట తువ్వాలుతో నిలబడ్డ కుర్రాడి దగ్గర్నుంచి, పరీక్ష పోయిందని వెక్కి వెక్కి ఏడ్చే పిల్ల దాకా అందరికీ ఆ గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్లు తక్కువ.

ఖర్చుల విభాగానికి కొత్తగా అధిపతిగా వచ్చిన కర్టిస్ పెల్‌మన్ గారికి ఈ బల్ల మీద కన్ను పడింది. కాలేజీకి సొంతంగా ఫోను ఎత్తే మనిషి ఎందుకు, ఆ ఫోన్లన్నీ ఎక్కడో ఉన్న జిల్లా పోలీసుల ఫోను కేంద్రానికి మళ్లిస్తే వాళ్లే చూసుకుంటారు కదా అని ఆయన వాదన. మేవిస్‌ని కార్లకి అంటించే పార్కింగు బిళ్లలు అచ్చువేసే గదికి మారుస్తారట. ఆ గదికి కిటికీ లేదు, ఫోను లేదు, పలకరించే దిక్కు లేదు. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి దిగులు పుట్టుకొస్తోంది. తేల్చుకునే ముందు ఒక పూట ఆ బల్ల పక్కన కూర్చుని పని ఎంతుందో కళ్లారా చూస్తానని పెల్‌మన్ గారు కబురు పెట్టారు. చూసి చూసి సెలవుల్లో మంగళవారాన్ని ఎంచుకున్నారు మహానుభావుడు.

ముందురోజు సాయంత్రం మేవిస్ ఈ గోడు మొత్తం వంటశాల వెర్నా దగ్గర వెళ్లబోసుకుంది. వెర్నా అంతా విని, నిమ్మకాయ కేకు ముక్కలు ఒక డబ్బాలో పెట్టి చేతికిచ్చి పంపింది. మేవిస్ గడప దాటగానే మాత్రం లైబ్రరీ ఆర్డిస్‌కీ, బాయిలరు లీరాయ్‌కీ కబురు వెళ్లింది. రేపు పొద్దున ఆ బల్లకి తలా ఒక ఫోను చెయ్యాలి. మేవిస్‌కి తెలియకూడదు. తెలిస్తే మొహమాటపడి వద్దంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ ప్రాంతంవాళ్లు ఎవరికైనా సాయం చెయ్యకుండా ఉండలేరు, అలాగని అబద్ధం ఆడనూలేరు. చిన్నప్పుడే చర్చిలో బెంచీల మీద కూర్చోబెట్టి ఈ రెండూ కలిపి నూరిపోశారు. అంచేత ఫోను చెయ్యాలంటే నిజంగా ఏదో ఒకటి జరగాలి. మంగళవారం పొద్దున ముగ్గురూ మూడు కిటికీల దగ్గర నిలబడి, ఏదో ఒకటి జరక్కపోతుందా అని మంచులోకి చూస్తూ ఉండిపోయారు.

అదృష్టం కొద్దీ ఒకటి జరిగింది. ఆవపిండి రంగు పొడుగు కోటు తొడుక్కున్న మనిషొకడు మంచులో తడబడుతూ వచ్చి లైబ్రరీ వెనక తలుపు లాగి చూశాడు. రాలేదు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి లోపలికి తొంగిచూశాడు. జేబులోంచి ఏదో తీసి రాసుకుని వెళ్లిపోయాడు. ఆర్డిస్‌కి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోను అందుకుని, చూసింది చూసినట్టే చెప్పింది. కాకపోతే ఫోను చేసిన పుణ్యానికి కాస్త అనుమానంగా వినిపిస్తే బాగుంటుందని, ‘రాసుకున్నాడు’ అనేచోట గొంతు కొంచెం తగ్గించింది.

ఆ మనిషి పెల్‌మన్ గారే. సెలవుల్లో ఏ భవనానికి ఊరికే వేడి పెడుతున్నారో స్వయంగా చూద్దామని ముందే వచ్చి తిరుగుతున్నారు. ఆయన కాలేజీలో చేరింది నడి చలికాలంలో. అప్పట్నుంచీ అందరూ ఒకళ్లవి ఒకళ్లు టోపీలూ మఫ్లర్లే తప్ప మొహాలు చూసుకున్నది లేదు. పైగా ఆ కోటు నిన్న కొన్నది.

మేవిస్ సంతోషం పట్టలేక డ్వేన్‌ని లైబ్రరీకి పంపింది. అతను వెళ్లేసరికి అడుగుల జాడలే మిగిలాయి. ఇంతలో లీరాయ్ ఫోను. ఆవపిండి రంగు కోటువాడొకడు బాయిలరు గదిలోకి వచ్చి, గొట్టం మీద చెయ్యి వేసి, మీటరు వంక అదోలా చూసి పోయాడని. డ్వేన్ కారు అటు తిప్పాడు. అతను బాయిలరు దగ్గర దిగేసరికి వెర్నా ఫోను. వంటశాల వెనక చెత్తడబ్బాల మూతలు ఎత్తి ఎత్తి చూస్తున్నాడు, అదే కోటు, చూపు మంచిది కాదు అని. పారేసిన తిండి ఎంతో లెక్క కట్టేవాడి చూపు మరి ఎలా ఉంటుంది.

రేడియోలో డ్వేన్ రొప్పుతూ, వీడు మనిషా దెయ్యమా, ఎక్కడికి పోతే అక్కణ్ణుంచి మాయమైపోతున్నాడు అన్నాడు. మేవిస్ సంతోషం అప్పటికే ఆవిరైపోయింది. ముగ్గురూ తనకి తెలిసినవాళ్లే, ముగ్గురూ నోట అబద్ధం రానివాళ్లే. అంటే నిజంగానే ఎవడో దూరాడన్నమాట. మూడు చోట్ల ఒకే కొత్తమనిషి కనబడితే కాలేజీలో అందరి ఫోన్లకూ హెచ్చరిక పంపాలని నియమం. ఇన్నేళ్లలో ఆవిడ ఆ మీట నొక్కింది మంచు తుపానులకే. పెల్‌మన్ గారు వచ్చే వేళ కదా అని ఒక్క క్షణం వెనకాడింది. వస్తే రానీ, ఆయన్నే వాడు కొట్టిపడేస్తే ఆ పాపం ఎవరిది అనుకుని నొక్కేసింది.

ఆవపిండి రంగు కోటులో గుర్తుతెలియని వ్యక్తి తిరుగుతున్నాడు, తలుపులు వేసుకుని లోపలే ఉండండి అన్న వార్త చిటికెలో ఫ్లోరిడా ఇసుక తిన్నెల మీద పడుకున్న పిల్లలందరికీ చేరింది. తలుపులు లేని చోట తలుపులు ఎలా వేసుకోవాలో తెలియక వాళ్లు దాన్ని తల్లులకి పంపారు. ఇక చూడండి. పొద్దుట్నుంచి మూడంటే మూడుసార్లు మోగిన ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

ఒక తల్లి తన కొడుకు హాస్టల్లోనే ఉండి చదువుకుంటున్నాడు, వెంటనే వెళ్లి చూడమంది. హాస్టళ్లకి తాళాలేసి నాలుగు రోజులైందని మేవిస్ నోరు జారింది. అయితే వీడెక్కడున్నాడని ఆవిడ అడిగిన తీరుకి ఆ కుర్రాడి మీద మేవిస్‌కి జాలేసింది. ఇంకో తల్లి ఆ కోటువాడి ఆనవాళ్లన్నీ అడిగి, ఇంత చలిలో చెత్తడబ్బాలు వెతుక్కుంటున్నాడంటే ఆకలితో ఉన్నాడేమో, ముందు ఏదైనా పెట్టండి అంది. అందరికీ జవాబు చెబుతూనే మేవిస్ గడియారం వంక చూస్తోంది. పెల్‌మన్ గారు ఇంకా రాలేదు. ఆయన రాకపోయినా భయంగానే ఉంది, వచ్చినా భయంగానే ఉంది.

అప్పుడొక ఫోను వచ్చింది. అవతల మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. కాసేపటికి ఒక మగగొంతు గుసగుసగా మొదలుపెట్టింది.

“మీ హెచ్చరికలో ఎవడో తిరుగుతున్నాడన్న ముక్కే చదివాను, కళ్లద్దాలు మసకబారిపోయాయి. వాడు నా వెనకే ఉన్నాడు. మొక్కల గాజుగదిలో దాక్కున్నాను. ఆవిరి పట్టిన గాజులోంచి లోపలికి టార్చి వేస్తూ చుట్టూ తిరుగుతున్నాడు.”

మేవిస్ మిగతా ఫోన్లన్నీ ఆపేసింది. ఏడ్చే పిల్లలతో మాట్లాడే గొంతు తెచ్చుకుంది. “భయపడకండి నాయనా, నేనిక్కడే ఉన్నాను, మీరు భద్రంగా బయటికి వచ్చేదాకా ఫోను పెట్టను. సరిగ్గా ఎక్కడ కూర్చున్నారు?”

“అరటిచెట్టు వెనకాల.”

“మంచి చోటు. మా పోలీసు వచ్చి మిమ్మల్నే దొంగ అనుకోకుండా, ఏం వేసుకున్నారో చెప్పండి.”

“కోటు. పసుపులాంటిది. ఆవపిండి రంగు అనుకోండి.”

వాళ్లిద్దరి మధ్యా అరటాకుల మీంచి నీటిచుక్కలు పడే చప్పుడు వినిపించింది. సెలవుల్లో ఈవేళ కాలేజీకి రావాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారని అప్పుడు తట్టింది. మెల్లిగా, “మీరు పెల్‌మన్ గారు కదండీ?” అంది. మీకెలా తెలుసని ఆయన ఆశ్చర్యపోయారు. మేవిస్ కళ్ల ముందు కిటికీ లేని గది ఒకటి తలుపు తెరుచుకుని నిలబడింది.

బాధపడే తీరిక కూడా లేదు. రేడియోలో డ్వేన్ గొంతు ఉప్పొంగిపోతోంది. “మేవిసక్కా, మంచులో అడుగుల జాడ పట్టుకుని వచ్చాను, దొరికాడు. అరటిచెట్టు వెనకాల నక్కాడు. తలుపు తన్నుకుని పోతున్నా లోపలికి.”

ఇటు చెవిలో పెల్‌మన్ గారు, వాడు తలుపు దగ్గరికొచ్చేశాడు, అయిపోయాను అంటున్నారు. మేవిస్ ఫోను ఒక చేత్తో, రేడియో ఒక చేత్తో పట్టుకుంది.

“డ్వేన్, ఒక్క అడుగు వెయ్యకు. టార్చి ఆర్పు. టోపీ తీసి, మెల్లిగా తలుపు తీసి, గుడ్ మార్నింగ్ చెప్పు.”

“దొంగకా?”

“చెప్పమన్నానా లేదా?”

ఫోనులోకి తిరిగి, “అయ్యా, ఇప్పుడొక బట్టతల ఆయన లోపలికొచ్చి మీకు గుడ్ మార్నింగ్ చెబుతాడు. మావాడే. చాలా మంచివాడు. బదులు చెప్పి ఆయన వెంట వచ్చెయ్యండి,” అంది. తర్వాత రెండు గుడ్ మార్నింగులు, ఒకదాని వెంట ఒకటి, వినబడీ వినబడకుండా వినిపించాయి.

మోకాళ్ల మీద మట్టితో, అద్దాల మీద ఆవిరితో పెల్‌మన్ గారు ఆఫీసుకొచ్చేసరికి వెర్నా కూడా అక్కడే ఉంది. హెచ్చరిక చూసి, మేవిస్ ఒక్కతే ఉందని గరిటె పుచ్చుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ కోటు గడప దాటగానే గరిటె ఎత్తబోయింది కానీ, మేవిస్ “రండి పెల్‌మన్ గారూ” అనడం విని దాన్ని వీపు వెనక దాచేసింది. డ్వేన్ గోడవైపు తిరిగి టోపీ దులుపుకుంటూ నిలబడ్డాడు. పెల్‌మన్ గారు కుర్చీలో కూలబడి, కాఫీ ఒక గుక్క తాగి, ఆ దుర్మార్గుడు దొరికాడా అని అడిగారు.

ఇంకా దొరకలేదంటే సరిపోయేది. వెర్నా కళ్లతో ఆ మాటే అంటోంది. డ్వేన్ వీపు కూడా ఆ మాటే అంటోంది. బల్ల నిలబడుతుంది, ఆయన పరువూ నిలబడుతుంది. మేవిస్ నోరు తెరిచి, ఆ మాట ఎంత ప్రయత్నించినా బయటికి రాక, చివరికి వచ్చిన మాటే చెప్పేసింది.

“దొరికారండీ. నా ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నారు.”

పెల్‌మన్ గారికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక కోటు వంక చూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. తనని చూసి ఫోన్లు చేసిందెవరని అడిగారు. పేర్లు చెప్పడానికి లేదని మేవిస్ అంటూండగానే వెర్నా గరిటె పట్టుకున్న చెయ్యే పైకెత్తింది. మేవిస్ బల్ల పోతుందన్న బాధకొద్దీ మేమే ఫోన్లు చెయ్యాలనుకున్నామని, కానీ చూసిందే చెప్పామని మొత్తం కథ ఏకరువు పెట్టేసింది. మేవిస్‌కి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. వెర్నా చెయ్యి పట్టుకుని దించి, ఊరికే నిమురుతూ కూర్చుంది.

పెల్‌మన్ గారు ఏదో అనబోయారు. ఈలోగా ఫోను మోగింది. మేవిస్ ఎత్తి మాట్లాడుతుండగా పక్క బల్ల మీది రెండో ఫోను మోగింది. అది ఆగకుండా మోగుతూనే ఉంది. ఒక ఫోను అలా ఎవరూ ఎత్తకుండా మోగుతుంటే పెల్‌మన్ గారు తట్టుకోలేకపోయారు. తనే ఎత్తారు. అవతల ఒక తల్లి. ఇంతింత ఫీజులు గుంజుతున్నారు, ఆ సొమ్మంతా ఏం చేస్తున్నారు, అసలు మీ కాలేజీలో ఖర్చులు చూసే మనిషి ఉన్నాడా లేడా అని మొదలుపెట్టింది. ఉన్నాడని చెప్పడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. దాని తర్వాత ఇంకొకటి, ఆపైన మరొకటి. ఈలోగా వెర్నా వంటశాలకి వెళ్లి తెచ్చిన సూపు చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన గొంతు బొంగురుపోయింది. మేవిస్ గొంతు మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఆయన ఆవిడ వంక కొంచెంసేపు చూశారు. “అరటిచెట్టు వెనక ఉన్నప్పుడు మీ గొంతు వినకపోతే నా గుండె ఆగిపోయేదండీ,” అన్నారు. “జిల్లావాళ్లయితే ముందు తుపాకులతో మనుషుల్ని పంపి, తర్వాత పేరు అడిగేవాళ్లు. పైగా ఇది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మీకు తోడు ఇంకొకరిని వెయ్యమని ఈ రోజే రాస్తాను.”

మేవిస్ అంతా ఒక్క రోజు గొడవే అని చెప్పబోయింది. నిజం చెప్పడం ఆ రోజుకి చాలని వెర్నా ఆవిడ కాలు తొక్కింది.

జూన్‌లో పిల్లలంతా ఇళ్లకి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటున్నారు, చేతితొడుగులు జతపెట్టడం కూడా అయిపోయింది. పని ఒత్తిడి తట్టుకోగలుగుతున్నారా అని పెల్‌మన్ గారు నెలకోసారి ఫోను చేసి కనుక్కుంటారు. ఆ నెలంతా కలిపి వచ్చే ఫోను అదొక్కటే.